తొమ్మిదో కుర్చీ

తెల్లవారి ఐదున్నరకి సువర్ణరేఖ మీది మాంగో వంతెన మొదట్లో, ట్రక్కు పక్కన నిలబడి సూర్యం హాజరు తీసుకుంటున్నాడు. హాజరంటే కాగితమూ కాదు, కలమూ కాదు. చేతిలో చిన్న ఫోను, అంతే. మూడు నొక్కాడు. దాని వెనక, కిటికీ ఊచల బొమ్మ ఉన్న మీట నొక్కాడు. తర్వాత పచ్చ మీట. ఒక్క రింగు మోగగానే అవతలివాడు కట్ చేశాడు. వస్తున్నాడన్నమాట. నాలుగు, కిటికీ, పచ్చ. ఒక్క రింగు, కట్. వీడూ వస్తున్నాడు. ఐదు మోగి మోగి ఊరుకుంది. ఐదుకి నిన్న మధ్యాహ్నం నుంచీ ఒళ్ళు కాలిపోతోంది, రాడు. ఫోను ఎవరూ ఎత్తకూడదు, ఎత్తి మాట్లాడకూడదు. కట్ చేస్తే వస్తున్నట్టు, మోగనిస్తే రానట్టు. జట్టుకి అదే కట్టుబాటు.

సూర్యానికి అక్షరం ముక్క రాదు. అంకెలు వచ్చు. అది చూసే కాంట్రాక్టరు ధర్మరాజు గారి గుమస్తా బలరామ్ రెండేళ్ళ కిందట అతనికి ఈ కిటుకు నేర్పాడు. "సిమ్ములో కుర్చీలుంటాయి చాచా, నెంబర్లేసిన కుర్చీలు. ఒక్కో పేరు ఒక్కో కుర్చీలో కూర్చుంటుంది. పేరు చదవడం రాకపోతే పోనీ. ఏ కుర్చీలో ఎవడున్నాడో గుర్తుంటే చాలు" అన్నాడు. ఒక పేరు తీసేస్తే ఆ కుర్చీ ఖాళీ అవుతుందనీ, ఆ తర్వాత ఎక్కించిన పేరు ముందుగా దొరికిన ఖాళీ కుర్చీలో కూలబడుతుందనీ కూడా చెప్పాడు. ఒకటో కుర్చీ ధర్మరాజు గారిది, రెండు బలరామ్‌ది, మూడు నుంచి పదహారు దాకా సూర్యం మేట్‌గా నిలబడి పని చేయించే జట్టు. నెల తిరక్కుండానే కుర్చీలు మనుషుల పేర్లయి కూర్చున్నాయి. ఏడూ, ఆ తాడందుకోరా. పన్నెండుకి ఆడపిల్ల పుట్టిందంట. పసుపు హెల్మెట్ల మీద కూడా ఎర్ర రంగుతో ఆ అంకెలే రాయించుకున్నారు.

ఎనిమిది కట్ చేశాడు. తొమ్మిదిని సూర్యం వారం రోజులుగా దాటేస్తున్నాడు. ఇవాళ ధ్యాస ఎక్కడుందో ఏమో, బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. తొమ్మిది, కిటికీ, పచ్చ.

మోగింది. ఒక్కటంటే ఒక్క రింగు. అవతల కట్ చేశారు.

సూర్యం ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దానికేసి చూశాడు. తొమ్మిదంటే అప్పలసూరి. సరిగ్గా వారం కిందట, పోయిన మంగళవారం, సోనారిలో రెండు నదులు కలిసే చోట ఉక్కు ప్లాంటు పంపుహౌసు దగ్గర, నీళ్ళు లాక్కునే ఇనుప జాలీకి అడ్డం పడ్డ చెట్టుకొమ్మని లాగడానికి దిగి నీళ్ళలో పడిపోయిన అప్పలసూరి. జట్టంతా అన్నాలు తింటున్నారు. గట్టు మీద ఉన్నది సూర్యం ఒక్కడే. పసుపు హెల్మెట్టు ఎర్ర అంకెతో సహా ఒక్కసారి గిర్రున తిరిగి నురగ కిందికి పోవడం అతను కళ్ళారా చూశాడు. చూసీ, అందరూ పరిగెత్తుకొచ్చాక, చూడలేదన్నాడు. అలా అనమన్నది, కేక విని అందరికంటే ముందొచ్చిన ధర్మరాజు గారు; వాడు చెప్పకుండా ఊరికి పోయాడని అందరికీ చెప్పిందీ ఆయనే. అన్నది మాత్రం తన నోరే.

"ఏటి మేట్, నిలబడిపోనావు?" ట్రక్కు మీదనుంచి డ్రైవరు చినబాబు అడిగాడు.

"ఏటీ నేదు" అన్నాడు సూర్యం. పది నొక్కాడు. తొందరలో పది పక్కన ఇంకో సున్నా పడింది. చెరిపి మళ్ళీ నొక్కాడు.

పంపుహౌసు చేరగానే ముందు బలరామ్‌ని పట్టుకున్నాడు. బలరామ్ అప్పుడే స్కూటరు స్టాండు వేస్తున్నాడు.

"తొమ్మిది ఫోను మోగిందిరా బాబూ. కట్ సేసినాడు."

"మోగుతుంది మరి. సోమవారమే ఊర్నుంచి దిగాడట కదా" అన్నాడు బలరామ్ తాపీగా. "పాత గట్టు వైపు పనిలో పెట్టాం. నీ జట్టులో చెయ్యనన్నాడు. తుమ్‌సే నారాజ్ హై, చాచా."

"నామీద కోపమా?"

"సేఫ్టీ బెల్టు లేకుండా దింపావట కదా." బలరామ్ నవ్వుతూనే అన్నాడు. శనివారం సూర్యం ఫోను సరిచేస్తానని తీసుకున్నది తనేనన్న సంగతి అతను ఎత్తలేదు, సూర్యానికీ తట్టలేదు.

ఆ మాటకి సూర్యానికి బాధ కలగాలి. కలగలేదు. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. అవును మరి, తను చూసింది హెల్మెట్టునే. హెల్మెట్టు కింద తల ఉందో లేదో ఎవడు చూశాడు? పట్టీ జారిపోయి ఉండొచ్చు. వాడు ఈత వచ్చినవాడు, కిందెక్కడో గట్టెక్కి, మేట్ మీద మండిపడి, చెప్పకుండా రైలెక్కి ఊరికి పోయి ఉండొచ్చు. వారం పోయాక కోపం చల్లారి వచ్చి ఉండొచ్చు. అంటే ధర్మరాజు గారు చెప్పిందే నిజం. తను చెప్పిన అబద్ధం అబద్ధమే కాదు. రోజల్లా పొడుగాటి కొక్కేలతో గుర్రపుడెక్క లాగిస్తూ, పాత గట్టుకీ తమకీ మధ్యనున్న గోడకేసి వందసార్లు చూశాడు. గోడవతల ఎవరో దగ్గారు. అప్పలసూరికి బీడీ దగ్గు ఉంది. గోడ చుట్టూ తిరిగి వెళ్తే నిమిషం పట్టదు. సూర్యం వెళ్ళలేదు. ఎందుకెళ్ళలేదో తనని తాను అడగలేదు కూడా.

మూడింటికి ఇంటికొచ్చేసరికి పెళ్ళాం చిలకమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. విషయం విని చేట అలాగే వదిలేసింది.

"సత్తెమేనా? కట్ సేసినాడా?"

"సేసినాడే."

"మరి ఆ పిల్లకి సెప్పకుండా నాకు సెప్తావేటయ్యా?" అని చెంగు నడుముకి దోపుకుంటూనే పక్కసందులోకి పరిగెత్తింది. సూర్యం ఆపుదామనుకున్నాడు. వారం నుంచీ ఆ సందు దాటేటప్పుడు తల తిప్పుకుని నడుస్తున్నవాడు, ఇవాళ మాత్రం గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు.

అప్పలసూరి పెళ్ళాం రోహిణి వచ్చింది. ఈ ఎనిమిది రోజుల్లో ఆ పిల్ల అవతారం చూసి బస్తీ అంతా మొహం చాటేస్తోంది. పొద్దున బొట్టు పెట్టుకుంటుంది, మధ్యాహ్నానికి చెరిపేసుకుంటుంది. గాజులు తీసి పోపుల డబ్బాలో పెట్టింది, మర్నాడు మళ్ళీ తొడుక్కుంది. ఏడవడానికి మొగుడు పోయాడని చెప్పినవాళ్ళు లేరు. ఊరుకోవడానికి మొగుడు లేడు. రోజూ సూర్యాన్ని ఒకటే అడిగేది, పడ్డాడా మావా, పడలేదా అని. చూడలేదమ్మా అనేవాడు సూర్యం.

"కొట్టు మావా. నాను వింటాను" అంది ఇప్పుడు.

సూర్యం నొక్కాడు. తొమ్మిది, కిటికీ. తెర మీద పైన పేరు, కింద అంకెలు రెప్పపాటు కనిపించాయి. పచ్చ నొక్కగానే అంకెలు పోయి పేరొక్కటే మిగిలింది. రోహిణి ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వేలితో చూపిస్తూ కూడబలుక్కుంది. "ఎ, పి, పి, ఎ, ఎల్... ఔను. మా ఆయన పేరే." ఫోను లాక్కుని చెవికి ఆనించుకుంది.

మోగుతోంది. రెండు, మూడు, నాలుగు రింగులు. ఎవరో ఎత్తారు. ఫోనులోంచి ముందు నీళ్ళ హోరు వినిపించింది, పక్కనున్న సూర్యానికి కూడా వినపడేంత హోరు. ఆ హోరు వెనకనుంచి గొంతు.

"ఆఁ... వత్తన్నా."

కట్ అయిపోయింది.

రోహిణి ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. "గొంతు బొంగురుగా ఉంది" అంది. "నీల్లలో నానినాడు గావాల, జలుబు సేసుంటాది." అలా అంటూనే మొహమంతా విచ్చుకుంది. ఎవరినీ ముట్టుకోకుండా తిరుగుతున్న మనిషి చిలకమ్మని వాటేసుకుని ఏడ్చింది. గొంతు గురించి సూర్యమూ ఏదో అనుకున్నాడు, అనుకున్నది పైకి అనలేదు.

*

బుధవారం పొద్దున ట్రక్కు దగ్గరికి రోహిణి క్యారేజీ పట్టుకుని వచ్చింది. తలంటుకుంది. కాళ్ళకి పసుపు, నుదుట రూపాయంత బొట్టు. ముసురులో కూడా చీర మడత నలక్కుండా నిలబడింది. జట్టులో వాళ్ళు ఆమెని చూసి ఇటు జరిగి అటు జరిగి దారిచ్చారు.

"ఇంటికి రానంటే పోనీ మావా. కోపం తగ్గినాకే రానీ. ఇది ఇయ్యి సాలు. ఎండు రొయ్యలు, వంకాయి."

ట్రక్కులో దారంతా క్యారేజీ సూర్యం ఒళ్ళోనే ఉంది. వేడి పంచెలోంచి తొడకి తగులుతూ ఉంది. సోనారి విమానాల మైదానం దాటుతుంటే ఏడోవాడు ఏదో హాస్యమాడబోయి, మేట్ మొహం చూసి మింగేశాడు. పంపుహౌసు దగ్గర పాత గట్టు వైపు నడవబోతే బలరామ్ ఎదురొచ్చి, "ఇలా తే చాచా, నేనిస్తాను. నిన్ను చూస్తే మళ్ళీ గొడవ" అని చేతిలోంచి తీసుకున్నాడు. సూర్యం వదిలేశాడు.

సాయంకాలం క్యారేజీ తిరిగొచ్చింది. మూడు గిన్నెలూ ఖాళీ. సూర్యం స్వయంగా తీసుకెళ్ళి రోహిణి చేతికిచ్చాడు. వాన పట్టి కురుస్తోంది, కరెంటు లేదు, నాలుగింటికే ఆ గదిలో చీకటి ముసిరింది. రోహిణి మూత తీసి చూసింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"కడిగినాడు" అంది.

"ఆఁ?"

"కడిగి పంపినాడు మావా. ఏడేల్ల కాపరంలో ఎప్పుడూ కడగనేదు. మెతుకులెండిపోయి నా గోల్లిరిగేవి." నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "ఎండు రొయ్యల తలకాయలు కూడా తినీసినాడు. మా ఆయన తలకాయలు తినడు. ఏరి ఓ పక్కన పెడతాడు."

గిన్నె చేతిలో తిప్పుతూ అలాగే కూర్చుంది. సూర్యం చూపు ఎటు పెట్టాలో తెలీక గోడకేసి చూశాడు. పొయ్యి పైన, పొగచూరిన గోడ మీద బొగ్గుతో అంకెలు రాసి ఉన్నాయి. ఫోను మీటల మీద ఒకటి ఎలా ఉంటుందో, ఏడు ఎలా ఉంటుందో, అలాంటివే పెద్ద పెద్దవి, పది అంకెలు.

"అదేటి?"

"ఫోను కొన్నరోజు రాసినాడు. నాను ఫోను బూతులోకెల్లి కొట్టాలంటే ఉండాలి కదాని." ఆ పిల్ల తల ఎత్తలేదు. గిన్నెనే చూస్తోంది.

సూర్యం జేబులోంచి ఫోను తీశాడు. తొమ్మిది, కిటికీ నొక్కి ఆగాడు. పచ్చ నొక్కలేదు. తెర మీద పైన పేరు నిలబడిపోయింది, కింద అంకెలు నిలబడిపోయాయి. ఈ రెండేళ్ళలో ఆ కింది వరుసని అతను ఒక్కసారైనా చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? తనకి కుర్చీ తెలుసు. చదువొచ్చినవాళ్ళకి పేరు తెలుసు. నిన్న రోహిణి పేరు చదువుకుని పొంగిపోయింది, తను కుర్చీ చూసుకుని పొంగిపోయాడు, కింద ఉన్న అంకెలకేసి ఇద్దర్లో ఒక్కరూ చూడలేదు. ఇప్పుడు తెర వెలుగు ఆరిపోకుండా మధ్యమధ్య మీట తాకుతూ, గోడకీ ఫోనుకీ తల తిప్పుతూ, పెదాలు కదిలిస్తూ ఒక్కొక్క అంకే సరిచూశాడు. మొదటి నాలుగూ కలిశాయి. ఐదోది కలవలేదు. ఆరు కలవలేదు. గోడ మీద చివర ఏడు, ఏడు, సున్నా, రెండు. ఫోనులో నాలుగు, ఒకటి, ఎనిమిది, ఎనిమిది.

పేరు అదే. కుర్చీ అదే. మనిషి వేరు. పేరు కదపకుండా, కుర్చీ కదపకుండా, కింద మనిషిని మార్చేశారు. శనివారం బలరామ్ ఫోను తీసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఏటి మావా సూత్తన్నావు?"

"ఏటీ నేదమ్మా."

బయటికొచ్చి, చూరు కింద నిలబడి, గోడ మీది అంకెలు మర్చిపోకముందే ఒక్కొక్కటే నొక్కాడు. పుట్టి బుద్ధెరిగాక పూర్తి నెంబరు నొక్కడం అదే మొదలు. చెవికి పెట్టుకున్నాడు. రింగు లేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో ఆడగొంతు, ఏ బాధా లేని చల్లని హిందీలో, మీరు కోరుకున్న వ్యక్తి ప్రస్తుతం పరిధికి బయట ఉన్నాడని చెప్పింది. చెప్పిందే మళ్ళీ చెప్పింది. సూర్యం తడిసిపోతూ రెండోసారి కూడా పూర్తిగా విన్నాడు.

*

గురువారం అన్నాల వేళకి గోడ చుట్టూ తిరిగి పాత గట్టుకి వెళ్ళాడు. నిజంగానే నిమిషం పట్టలేదు.

పాత గట్టు మీద పనేమీ లేదు. ఒక మనిషి ఒక్కడే తలకిందులు చేసిన బకెట్టు మీద నదికి వీపు పెట్టి కూర్చున్నాడు. పసుపు హెల్మెట్టు, దాని మీద ఎర్ర తొమ్మిది. ఆ మనిషి తల తిప్పాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, చెంప మీద స్ఫోటకం మచ్చలు. ఎప్పుడూ చూడని మొహం. హెల్మెట్టు కూడా కొత్తది, రంగు ఇంకా మెరుస్తోంది.

"ఎవుడివి నువ్వు?"

"తొమ్మిది" అన్నాడతను. మళ్ళీ, "అప్పలసూరి" అన్నాడు. రెండో మాట నోట్లో సరిగ్గా తిరగలేదు.

"నన్నేటనుకుంటన్నావు? నాను సూర్యాన్ని."

అతను లేచి నిలబడ్డాడు. "నమస్కారం మేట్‌గారూ. ఆదిబాబునండి. మాది ఇచ్ఛాపురం అవతల. సిద్ధగోరా బస్తీలో మా బావ కాడ ఉంటన్నాను." గొంతు తగ్గించాడు. "నానేటీ సెయ్యనేదండి. పని ఇత్తామన్నారు. పొద్దున ఒక్క రింగు వత్తే కట్ సెయ్యాలి. ఎక్కువ మోగితే ఎత్తి వత్తన్నా అని పెట్టీయాలి. ఎవురైనా పిలిత్తే ఆ పేరుకి పలకాలి. ఆ మనిషి గేటు పాసు మీద ఫొటో వానకి తడిసిపోనాది, ఎవురూ పోల్చరని సెప్పినారు."

"నిన్న ఆ కూడు నువ్వే తిన్నావా?"

ఆదిబాబు తల దించుకున్నాడు. "ఇంటి కూడని తెలిసిపోనాది. తిన్నాక మనసొప్పనేదు, అందుకే కడిగినాను. మేట్‌గారూ, ఆ మనిషి ఎక్కడున్నాడు? రెండ్రోజుల్నుంచి ఆ పేరు పిలిత్తే నా యెనక ఎవురో 'ఆఁ' అంటన్నట్టుంటంది. అందుకే ఏటి వైపు సూడ్డం మానేసినాను."

సూర్యం జవాబు చెప్పేలోపు వెనక చెప్పుల చప్పుడైంది. ధర్మరాజు గారు. తెల్ల చొక్కా మీద ఒక్క వాన చుక్క కూడా పడకుండా గొడుగు పట్టుకుని వచ్చాడు. ఆదిబాబుని కళ్ళతోనే అవతలికి పంపేశాడు.

"తెలిసిపోయిందా? సరే. తెలిస్తే తెలిసింది" అన్నాడు. "ముందే చెప్పకపోవడం ఎందుకంటే, నీ మొహం ఏదీ దాచదు సూర్యం. నువ్వు నమ్మితే నీ మొహం చూసి అందరూ నమ్ముతారు. నమ్మారు కదా?"

"ఆ పిల్ల కూడా నమ్మీసింది బాబూ."

"రేపు ప్లాంటు నుంచి సేఫ్టీ ఆఫీసరు రంగనాథ్ గారు తలలు లెక్కపెట్టడానికి వస్తున్నాడు. ఎవరో ఏదో ఊదారు ఆయన చెవిలో. జట్టులో పద్నాలుగు పాసులు, పద్నాలుగు తలలు. నువ్వు అవునని వేలిముద్ర వెయ్యి, ఆయన పోతాడు. నెల తిరిగాక తొమ్మిది మళ్ళీ ఊరికి పోతాడు, ఈసారి తిరిగి రాడు. ఎవరికీ ఏ నష్టమూ లేదు." ధర్మరాజు దగ్గరగా వచ్చాడు. గొడుగు ఇద్దరి మీదికీ వచ్చింది. "కాదూ, తొమ్మిది నీళ్ళలో ఉన్నాడని నువ్వంటే, బెల్టు లేకుండా దింపిందెవరని అడుగుతారు. బెల్టులు ఆరే ఇచ్చానా, కాగితం మీద రాసినట్టు నలభై ఇచ్చానా అని నన్ను తర్వాత అడుగుతారు. ముందు నిన్ను అడుగుతారు."

ఒక్క కొమ్మే కదరా, బెల్టు ఎందుకు, గబుక్కున లాగేసొచ్చీ. సూర్యం అన్న మాటలవి. అప్పలసూరి, అలాగే మావా అన్నాడు. సూర్యం ఆ రాత్రి నుంచీ ఆ మాటల్ని తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నాడు, ఏ పక్కనుంచి చూసినా అవి తన మాటలే.

"ఆలోచించుకో" అని ధర్మరాజు వెళ్ళిపోయాడు. గొడుగు పోగానే వాన సూర్యం నెత్తిన పడింది.

*

శుక్రవారం రంగనాథ్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ జీపు దిగాడు. సోనారిలోనే ఉంటాడు, తెలుగాయన. జట్టుని, జ్వరంతో ఉన్న ఐదుతో సహా, గోడ పక్కన వరసగా నిలబెట్టారు. బలరామ్ అట్టకి కాగితం బిగించి పట్టుకున్నాడు. రంగనాథ్ గారు అందులోంచి పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరూ చెయ్యెత్తారు. ఆ పేర్లు వినడం చాలామందికి కొత్తగా ఉంది. పక్కవాడి అసలు పేరు ఇదా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

"కొర్ని అప్పలసూరి."

ఎవరూ పలకలేదు. ధర్మరాజు దగ్గాడు. వరస చివరినుంచి ఆదిబాబు చెయ్యి మెల్లగా పైకి లేచింది. "హాజిర్" అన్నాడు. జట్టులో పదముగ్గురూ నేల చూపులు చూశారు.

"ఈయనేనా? ఈ మనిషి పోయాడని నాకు ఫోనొచ్చింది" అన్నాడు రంగనాథ్ గారు.

"మేట్ ఫోనులో నెంబరుంది సార్, చూపిస్తాడు" అన్నాడు ధర్మరాజు. "కొట్టు సూర్యం."

సూర్యం నొక్కాడు. తొమ్మిది, కిటికీ, పచ్చ. ఆదిబాబు జేబులో ఫోను మోగింది. రంగనాథ్ గారు సూర్యం ఫోను తెర చూశాడు, పేరు చదివాడు, పాసు మీద పేరుతో పోల్చాడు, తల ఊపాడు. ఆయన తప్పు ఏముంది, చదువొచ్చినవాడు కనక పేరు చూశాడు. "సరే అయితే. ఎవరో ఆకతాయి పని. మేట్, ఇక్కడ వేలిముద్ర వెయ్యవయ్యా."

బలరామ్ సిరా డబ్బా తెరిచి పట్టుకున్నాడు. సూర్యం బొటనవేలు అద్దాడు. వేలు నల్లగా కాగితం మీదికి వెళ్ళి, కాగితానికి జానెడు దూరంలో ఆగింది.

"బాబూ, ఒక్క నెంబరు కొట్టి అప్పుడు ఏత్తాను."

ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు, సిరా వేలితోనే ఫోను మీద అంకెలు నొక్కాడు. కుర్చీ లేదు, కిటికీ లేదు. పది అంకెలు, ఒకదాని తర్వాత ఒకటి, మొన్న సాయంత్రం నుంచీ మనసులో అనుకుంటున్నవే. ఒక్కో మీట మీదా నల్ల మరక పడింది. పచ్చ నొక్కి ఫోను రంగనాథ్ గారి చేతికిచ్చాడు.

ఆయన చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. "కవరేజ్‌లో లేడంటోంది. ఎవరిదిది?"

"అప్పలసూరిదండి. ఆడి ఇంట్లో గోడ మీద ఆడే రాసుకున్న నెంబరు. ఫోను ఆడి జేబులోనే ఉంది." సూర్యం నది వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ, ఆ జాలీ కాడ. బెల్టు నేకుండా నానే దించినాను. నాను సూత్తుండగా మునిగిపోనాడు. సూసి, సూడనేదని సెప్పినాను."

ధర్మరాజు ఏదో అనబోయాడు. ఈలోపు వరస చివర ఆదిబాబు హెల్మెట్టు తీసి, తొమ్మిది కనపడకుండా బోర్లించి నేలమీద పెట్టాడు. "నా పేరు ఆదిబాబండి" అన్నాడు ఏడుపు గొంతుతో. అంత సంతోషంగా తన పేరు చెప్పుకున్నవాణ్ణి సూర్యం ఎప్పుడూ చూడలేదు.

*

రోహిణి ఇంటికి ఎవరినీ వెంట తీసుకెళ్ళలేదు. చిలకమ్మ వస్తానంటే వద్దన్నాడు. కాగితాలు రాసుకున్నారు, పడవలు దింపుతామన్నారు, సోమవారం ఠాణాకి రమ్మన్నారు. అవన్నీ జరిగాయి. అసలు పని ఇంకా మిగిలే ఉంది.

రోహిణి పొయ్యి ముందు కూర్చుని ఉంది. కడిగిన మూడు గిన్నెలూ వరసగా బోర్లించి ఉన్నాయి. ఆ పిల్ల బుధవారం నుంచీ వాటిని ముట్టుకోలేదు. సూర్యం గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఆడు కాడు కదా మావా" అంది, అతను నోరు తెరవకముందే.

"కాదమ్మా."

"ఏట్లో పడ్డాడా?"

"పడ్డాడు."

"సూసినావా?"

"సూసినాను."

అప్పుడు తల తిప్పి అతని కళ్ళలోకి చూసింది. "ఆ రోజే సూసినావా?"

ఆ ప్రశ్న వస్తుందని సూర్యానికి తెలుసు. దారంతా నీళ్ళు నమలకుండా చెప్పడానికి సాధన చేసుకుంటూ వచ్చాడు. "ఆ రోజే. బెల్టు నేకుండా దిగమన్నదీ నానే."

రోహిణి ఏడవలేదు. కేకలు పెట్టలేదు. సూర్యం ఆ రెండింటికీ సిద్ధపడి వచ్చాడు, దీనికి సిద్ధపడలేదు. నుదుటి మీద బొట్టుని అరచేత్తో నెమ్మదిగా, ఒక్కసారే తుడిచేసింది.

"ఇయాల పదకొండో రోజు" అంది. "దినం సెయ్యాల్సిన రోజు. మొన్న నానేమో తలంటుకుని రొయ్యలు వండినాను."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. రోహిణి చెయ్యి చాపింది. సూర్యం ఫోను ఇచ్చాడు. తొమ్మిదో కుర్చీ ఎలా తియ్యాలో అడిగి తీసింది. కింద ఉన్న అంకెలు ఒక్కొక్కటే చెరిపి, గోడకేసి చూస్తూ, ఒక్కొక్కటే మళ్ళీ ఎక్కించింది. మీటల మీది సిరా వేళ్ళకి అంటుకుంటే చీరకి తుడుచుకుంది. పేరు ముట్టుకోలేదు. అది సరిగ్గానే ఉంది.

ఫోను తిరిగి అతని అరచేతిలో పెట్టింది.

"రేపు పొద్దున కూడా కొట్టు మావా" అంది. "రోజూ కొట్టు. అందరికీ కొట్టినట్టే కొట్టు. ఆడు కట్ సేసీదాకా కొడతానే ఉండు."

*

శనివారం తెల్లవారి ఐదున్నరకి వాన వెలిసింది. మాంగో వంతెన కింద సువర్ణరేఖ ఎర్రగా, గట్లు నిండి పారుతోంది. ఆఫీసరు పంపిన కొత్త బెల్టులు ట్రక్కులో ప్లాస్టిక్కు సంచులు విప్పకుండా ఉన్నాయి. సోమవారం దాకా మేట్ పని ఎవరికీ అప్పగించలేదు కాబట్టి సూర్యమే వచ్చాడు.

మూడు కట్ చేశాడు. నాలుగు కట్ చేశాడు. ఐదుకి జ్వరం తగ్గినట్టుంది, వెంటనే కట్ చేశాడు. ఆరు, ఏడు, ఎనిమిది.

తొమ్మిది, కిటికీ, పచ్చ.

రింగు లేదు. కాసేపు ఏమీ లేదు. ట్రక్కులో ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు. చినబాబు ఇంజను ఆపేశాడు. ఆడగొంతు అదే మాట చెప్పింది. సూర్యం నదికేసి చూస్తూ, ఆమె రెండోసారి కూడా చెప్పేదాకా ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు.

తర్వాత పది నొక్కాడు.